ఒక్క చుక్క నూనె

దెయ్యం కథ అనగానే అమావాస్య, అర్ధరాత్రి, కుక్కల ఏడుపు కోసం ఎదురుచూసేవాళ్లకు ముందే చెప్తున్నాను. నాకు జరిగింది మిట్టమధ్యాహ్నం. కొత్తగూడెం బస్టాండు పక్క సందులో, కింద జిరాక్స్ మిషన్ గరగరలాడుతుండగా జరిగింది. చీకటి మాత్రం ఉంది. ఆ చీకటి ఒక సంచిలో ఉంది. దాని సంగతి తర్వాత.

నా పేరు జకర్యా. నలభై ఏళ్లుగా రీలు కెమెరాలు బాగుచేస్తున్నాను. మెట్లెక్కి పైకి రాగానే నా బోర్డు కనిపించేది. "మెకానికల్ కెమెరాలు మాత్రమే. ఎలక్ట్రానిక్‌వి ముట్టను." ఆ రెండో వాక్యం ఎర్ర రంగుతో రాయించాను. అయినా ఎవరూ చదివేవాళ్లు కాదు. కుర్రాళ్లకు ఈ మధ్య రీలు కెమెరాల పిచ్చి మళ్లీ పట్టుకుంది. హైదరాబాదు నుంచి భద్రాచలం, పర్ణశాల చూడడానికి కార్లలో వస్తూ దారిలో నా దగ్గర ఆగుతారు. ఆన్‌లైన్‌లో కొన్న డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, "నిన్నటిదాకా బాగానే పనిచేసింది అంకుల్" అంటారు. ఎలక్ట్రానిక్ కెమెరా ఎప్పుడూ నిన్నటిదాకా బాగానే పనిచేస్తుంది. దాని రోగమే అది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

తేడా ఏమిటో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మెకానికల్ కెమెరాలో పైనున్న మీట బొటనవేలితో తిప్పితే రీలు ఒక ఫ్రేము ముందుకు జరుగుతుంది, లోపల స్ప్రింగు బిగుస్తుంది. బొత్తాం నొక్కితే స్ప్రింగు వదులుతుంది, అద్దం లేస్తుంది, తెర తెరుచుకుని మూసుకుంటుంది. అంతే. బ్యాటరీ ఉన్నా లేకపోయినా దానికి ఖాతరు లేదు. పాడయ్యే ముందు చెప్పి మరీ పాడవుతుంది. శబ్దం నీరసిస్తుంది, మీట బరువెక్కుతుంది. వినే చెవి ఉండాలి. విప్పి, తుడిచి, సూది మొన మీద ఒక్క చుక్క నూనె తీసి పెట్టాల్సిన చోట పెడితే మా నాన్న వయసు కెమెరా అయినా లేచి కూర్చుంటుంది.

ఎలక్ట్రానిక్‌దానిలో ఆ తెరను వదిలేది చిన్న అయస్కాంతం. దానికి కరెంటు కావాలి. కరెంటుకు బ్యాటరీ కావాలి, సర్క్యూటు కావాలి. బ్యాటరీ తీసేస్తే అది ఇటుకరాయి. మీరు బొత్తాం మీద ఎక్కి తొక్కినా తెర కదలదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

గోపాలుకు ఇదంతా వందసార్లు చెప్పాను. టేకులపల్లిలో అతనికి ఫోటో స్టూడియో ఉండేది. ఇద్దరం ఒకే గ్లాసులో చాయ్ పంచుకున్న స్నేహితులం. అతని చేతిలో ఉన్న పాత మెకానికల్ కెమెరా నేను ఏరి ఇచ్చిందే. పద్దెనిమిదేళ్ల కింద దాన్ని అమ్మేసి, ఖమ్మంలో ఎవరి దగ్గరో ఒక సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రానిక్ కెమెరా కొనుక్కొచ్చాడు. నా దుకాణంలో, నలుగురు గిరాకీల ముందు దాన్ని నా ముఖానికి పెట్టి టక్ మనిపించాడు.

"నీ ఇనుప ముక్కలు ఇగ నువ్వే వెట్టుకో జకర్యా. ఇది దానంతటదే ఎలుతురు చూసుకుంటది" అని నవ్వాడు.

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే అదే కెమెరాను సర్వీసుకు తెచ్చాడు. ముఖం మాడ్చుకుని చేసి ఇచ్చాను.

అది మిరప కోతల కాలం. సర్వీసు చేసిన పదో రోజున స్టేషన్ నుంచి గోపాలుకు కబురొచ్చింది. టేకులపల్లి అవతల అడవిలో, వాగు ఒడ్డున ఒక ఆడమనిషి శవం దొరికింది. ఆ రోజుల్లో పంచనామా ఫోటోలకు దగ్గర్లోని స్టూడియోవాళ్లనే పిలిచేవాళ్లు. గోపాలు వెళ్లాడు. శవం పాడైపోతోంది, ఆగే పరిస్థితి లేదు, ఫోటోలు తీసి అక్కడే పూడ్చాలి. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపించడానికి ఆ ఫోటోలే దిక్కు. ఆరు ఫ్రేములు తీశాడు. ఏడోదానికి బొత్తాం నొక్కితే అద్దం పైకి లేచి, అక్కడే ఇరుక్కుపోయింది. మీట తిరగలేదు. కెమెరా బిగుసుకుపోయింది.

సాయంత్రం నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. షర్టు మీద వాంతి మరకలు.

"జకర్యా, లోపల రీలున్నది. ఎట్లనన్న తియ్. నేను గూడ ఆ పిల్ల మొఖం సక్కగ చూడలే. చూడలేక కెమెరలకెళ్లే చూసిన. మళ్ల అడిగితే చెప్పనీకి నాకేం గుర్తులేదు."

నేను కెమెరా తీసుకుని లోపలికి వెళ్లి, కింది మూత విప్పి చూసి, బయటికొచ్చి చెప్పాను.

"సర్క్యూట్ కాలిపోయింది. రీలు మీద ఏం లేదు. మొత్తం ఖరాబైంది. చెప్పిన గదరా నీకు ఎలక్ట్రానిక్ వద్దని."

గోపాలు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "దీన్ని నీ తుక్కు డబ్బల పారేయ్. నా కండ్లకు కనవడొద్దు" అని వెళ్లిపోయాడు. పారేశాను. రీలు లోపలే ఉంది.

నెల తర్వాత జంపక్క వచ్చింది. పినపాక అవతల గూడెం ఆమెది. కూతురు సుజాత, పందొమ్మిదేళ్ల పిల్ల, కూలీలతో కలిసి ట్రాలీ ఆటోలో మిరప కోతకు వెళ్లి తిరిగి రాలేదు. వాగు ఒడ్డున ఎవరో దొరికారని ఆలస్యంగా తెలిసి పరుగెత్తుకొచ్చింది. పంచనామా కాగితంలో "సుమారు ఇరవై ఏళ్ల ఆడమనిషి" అని ఒక్క ముక్క ఉంది, అంతే. గోపాలు ఆమెకు నా దుకాణం చూపించాడు.

"మా పిల్ల ఎడమచెయ్యి చిటికెనేలు వంకర సారూ" అంది జంపక్క. "చిన్నప్పుడు రోకటి కింద వడ్డది. ఫోటోల ఏలు కనవడ్డా సాలు."

"ఫోటోనే లేదక్కా. కెమెరా చచ్చింది. ఎలక్ట్రానిక్‌ది" అన్నాను.

అప్పటినుంచి ప్రతి ఏడూ మిరప కోతలు అయ్యేటప్పుడు వచ్చేది. రెండు బస్సులు మారి, మెట్లెక్కి, అదే స్టూలు మీద కూర్చుని, "ఆ డబ్బ ఏమన్న తెరుసుకున్నదా సారూ?" అని అడిగేది. నేను విసుక్కునేవాణ్ని. తర్వాత కసురుకునేవాణ్ని. ఒక ఏడు కూలీ మీద కోపం చూపించినట్టు అరిచాను కూడా. ఆమె లేచి వెళ్లి మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. గోపాలు రెండేళ్ల కింద చనిపోయాడు. ఆఖరిదాకా తనే ఆ తల్లికి అన్యాయం చేశానని కుమిలిపోయాడు. "జకర్యా మాట విననందుకు ఇది శిక్ష" అని అతని భార్య రుక్మిణితో అనేవాడట. ఆమె నాకు చెప్పింది, నా మీద గౌరవంతో.

ఇక ఈ ఏడు సంగతి.

ఫిబ్రవరి మొదటి వారం. ఎండ అప్పుడే ముదురుతోంది. పన్నెండున్నర అయింది. కరెంటు పోయింది, కింద జిరాక్స్ ఆగింది. బల్ల మీద ఒక పాత కెమెరా విప్పి మరలు వరసగా పెడుతున్నాను. గాలిలో ఎండుమిరప ఘాటు తగిలింది. ఈ కాలంలో అది వింత కాదు, ఖమ్మం మార్కెట్‌కు బస్తాల లారీలు పోతూనే ఉంటాయి. తుమ్మి, ముక్కు తుడుచుకున్నాను.

టక్.

నా వెనక, తుక్కు డబ్బాలోంచి.

కెమెరా శబ్దాలు నేను మనుషుల గొంతులు గుర్తుపట్టినట్టు గుర్తుపడతాను. అది ఎలక్ట్రానిక్ కెమెరా తెర శబ్దం. ఆ డబ్బాలో ఎలక్ట్రానిక్‌ది ఒక్కటే ఉంది. నేను నమ్మలేదు. ఎలుక ఏదో దొర్లించి ఉంటుందని సర్దుకున్నాను. మర్నాడు అదే వేళకు మళ్లీ ఘాటు వచ్చింది, మళ్లీ టక్ మంది. మూడో రోజు డబ్బా బోర్లించాను.

గోపాలు కెమెరా దుమ్ముకొట్టుకుపోయి ఉంది. బ్యాటరీ గది మూత తీశాను. ఖాళీ. లోపల పచ్చని చిలుము. కంటికి పెట్టుకుని చూశాను. పద్దెనిమిదేళ్లుగా పైకి లేచి ఇరుక్కున్న అద్దం కిందికి దిగి ఉంది. ఏడు మీద ఆగిన ఫ్రేముల అంకె తొమ్మిది మీద ఉంది.

తొమ్మిది కావాలంటే ఎవరో రెండుసార్లు మీట తిప్పాలి. మీటకు బొటనవేలు కావాలి.

బొత్తాం నొక్కాను. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఏమీ లేదు. సరే, ఇది ఇటుకరాయే, నా లెక్క తప్పలేదు అనుకుని దాన్ని బల్ల మీద నా ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. కింద ఎవరో ఆధార్ కార్డు కాపీలు అడుగుతున్నారు. బస్టాండులో మణుగూరు బస్సు కోసం కేకలు. పన్నెండున్నర...

ఘాటు ముందు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీట కదిలింది. నెమ్మదిగా, ఓపిక లేని వేలు ఏదో తోస్తున్నట్టు, మధ్యలో ఆగి, మళ్లీ కదిలి, చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అంకె పది అయింది. బొత్తాం లోపలికి దిగింది.

టక్.

నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కోపంతో అరిచాను. "బ్యాటరీ లేదు గదే నీకు! ఎట్ల కొడ్తవు?" అని ఆ డబ్బాను బెదిరించాను. కింద జిరాక్స్ కుర్రాడు "ఏమైంది సారూ?" అని కేకేశాడు. ఏమీ లేదన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలుపుతుంటే చేతులు భగ్గుమన్నాయి. సబ్బుతో కడిగాను, పెరుగు రాసుకున్నాను. తగ్గలేదు. మా ఆవిడ మరియ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"మిరపకాయలేమన్న తొడిమెలు తీసినవా? కోతకు వోయిన ఆడోళ్ల చేతులు గిట్లనే ఉంటయి" అంది.

నేను కంచం నెట్టేసి లేచాను. పడుకునేముందు ఆమె ప్రార్థన చేస్తుంటే ఎప్పుడూ కళ్లు మూసుకునేవాణ్ని, ఆ రోజు మూసుకోలేకపోయాను.

అసలు మాట ఇక దాచి లాభం లేదు. పద్దెనిమిదేళ్ల కింద, గోపాలు పరుగెత్తుకొచ్చిన సాయంత్రం కింది మూత విప్పినప్పుడు సర్క్యూటు కాలి లేదు. శుభ్రంగా ఉంది. అయస్కాంతం మీద నూనె మెరుస్తోంది. నా నూనె. సర్వీసు చేసినప్పుడు నా చేతి అలవాటుతో సూది మొన మీద ఒక్క చుక్క తీసి అక్కడ పెట్టాను. మెకానికల్ కెమెరాకు ప్రాణం పోసే చుక్కే అయస్కాంతానికి బంక. కొన్నాళ్లు పనిచేసి, దుమ్ము పట్టి, అతుక్కుపోతుంది. ఆ తప్పు నేర్చుకునే కుర్రాడు చెయ్యడు, ఇరవై ఏళ్లు నూనె పెట్టిన చెయ్యే చేస్తుంది. తుడవడానికి అయిదు నిమిషాలు చాలు. రీలును వెలుతురు దూరని నల్లసంచిలో పెట్టి తియ్యడానికి పది నిమిషాలు. ఆ ఆరు ఫ్రేములూ బాగానే ఉండి ఉంటాయి.

కానీ గోపాలు అందరి ముందు నవ్వాడు. బయట నా కోసం ఏడుస్తూ కూర్చున్నాడు. బాగుచేసి ఇస్తే మళ్లీ నవ్వుతాడు. నా తప్పని తెలిస్తే ఊరంతా నవ్వుతుంది. అందుకని చెప్పాను, సర్క్యూటు కాలిందని, రీలు మీద ఏమీ లేదని. చూడకుండానే చెప్పాను. వాదనలో నేను గెలిచాను. ఎర్ర రంగు బోర్డు ఆ నెలలోనే రాయించాను.

తర్వాత రోజుకొక ఫ్రేము. పదిహేను, ఇరవై, ఇరవై ఏడు. దుకాణం మూసి ఇంట్లో ఉన్న రోజు కూడా అంకె పెరిగింది. ఒకరోజు దాని మీద సుత్తి ఎత్తాను. దించలేకపోయాను, వేళ్లు మంటతో బిగుసుకుపోయాయి. "నేనేమన్న చంపిన్నా నిన్ను?" అని అడిగాను. "పాము కరిచిందో, జరమొచ్చిందో, ఎవడేం జేసిండో, వాన్ని వట్టుకో! నా ఎంబడి ఎందుకు వడ్తవు?" ఖాళీ గదిలో అరుస్తున్న ముసలివాణ్ని నాకు నేనే చూసుకుని ఇంకా కోపం వచ్చింది. రీలుకు ముప్పై ఆరు ఫ్రేములు. ఆ తర్వాత మీట తిరగదు. అప్పుడు ఏమవుతుందో నేను ఆలోచించడం మానేశాను.

అంకె ముప్పై ఆరు కావలసిన రోజున జంపక్క వచ్చింది.

ఆమె గూడెంవాడే, ఆటో నడిపే లచ్చయ్య, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కిందికి వెళ్లిపోయాడు. ఆమె ఈసారి ఏడాదిలో పదేళ్లు ముసలిదైంది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"ఇగ రాను సారూ. కాళ్లు ఆడ్తలేవు. ఒక్కటి చెప్పు. బతికున్నదేమోనని దినాం ఒక ముద్ద పక్కకు వెడ్తున్న. పోయిందనుకొని దినం జేద్దమంటే, బతికున్న పిల్లకు దినం జెయ్యొచ్చునా? నేను పోతే ఆ ముద్ద వెట్టెటోళ్లు లేరు, ఈ దినం జేసెటోళ్లు లేరు. అది ఏ దిక్కు గాకుండ ఉంటది."

నేను గోడ గడియారం వంక చూశాను. పన్నెండు ఇరవై తొమ్మిది.

"చెప్పిన గదక్కా పద్దెనిమిదేండ్ల సంది..." అని మొదలుపెట్టాను. గొంతులో ఘాటు కమ్మింది. ఆమె కూడా దగ్గింది.

మీట కదిలింది. ఆమె చూసింది. ఈసారి మీట చివరిదాకా వెళ్లి వెనక్కి రాలేదు, రీలు అయిపోయి బిగుసుకుంది.

టక్.

జంపక్క భయపడలేదు. "తెరుసుకున్నది" అంది మెల్లగా.

ఇక నా చేతుల్లో లేదు. కెమెరా తీసుకుని రీలు వెనక్కి చుట్టే పిడి తిప్పాను. ఊరికే తిరిగింది. లోపల రీలు పెళుసెక్కి తెగిపోయింది. అంటే వెనక మూత చీకట్లో తెరవాలి, చేత్తో తియ్యాలి. నల్లసంచి తీశాను. రెండు పొరల నల్లగుడ్డ, ఒకవైపు జిప్పు, ఎదురుగా చొక్కా చేతుల్లాంటివి రెండు, వాటి చివర ఎలాస్టిక్. వస్తువు లోపల పెట్టి జిప్పు మూసి, మోచేతులదాకా చేతులు దూర్చి, చూడకుండా పనిచెయ్యాలి. నలభై ఏళ్లుగా ఆ చీకటి నాకు అన్నం పెట్టింది. అందులో నేను ఎప్పుడూ భయపడలేదు.

చేతులు దూర్చాను.

లోపల వేడిగా ఉంది. కెమెరా తగిలింది. మూత గొళ్లెం కోసం తడిమాను. వేళ్లు మండుతున్నాయి... గొళ్లెం దొరికింది. పైకి లాగబోయాను.

ఎవరో నా చేతి మీద చెయ్యి వేశారు.

చిన్న చెయ్యి. బిరుసుగా ఉంది. వేళ్ల చివర్లు పగిలి, మిరప మంటతో కాలుతోంది. నేను కదల్లేదు. కెమెరా పట్టీ చుట్టుకుందేమో. లోపలి పొర మడత పడిందేమో. నా ఎడమచెయ్యి కెమెరా కింద ఉంది. కుడిచెయ్యి గొళ్లెం మీద ఉంది. రెండూ లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టుకున్నాను...

"జంపక్కా" అన్నాను. "నీ చేతులు యాడున్నయి?"

"నా ఒళ్లెనే ఉన్నయి సారూ."

ఆ వేళ్లు నా మణికట్టు చుట్టూ బిగిశాయి. నాలుగు వేళ్లు తిన్నగా ఉన్నాయి. అయిదోది వంకరగా ఉంది. అది నా నరం మీద గుచ్చుకుంటోంది. లాగాను. రాలేదు. సంచి బల్ల మీద నాతోపాటు జరిగింది. ఇంకొంచెం బిగించింది. ఎముక నొక్కుకుపోతోంది...

"నూనె నేనే వెట్టిన" అన్నాను. ఎవరికి చెప్తున్నానో తెలియదు, సంచికో, తల్లికో. "సర్క్యూట్ కాలలే. నేనే వెట్టిన. రీలు చూడలే... చూడకనే లేదని చెప్పిన. గోపాలుకు అబద్ధం చెప్పిన. నీకు అబద్ధం చెప్పిన."

జంపక్క లేచి వచ్చింది. సంచి మీద అరచెయ్యి పెట్టింది. గుడ్డ మీంచి నా చెయ్యి తడిమి వదిలేసింది. రెండో చెయ్యి తడిమి వదిలేసింది. తర్వాత ఆమె చెయ్యి ఆగింది. బొటనవేలితో ఒక్కొక్క వేలే నొక్కుకుంటూ వెళ్లి, చివరిదాని దగ్గర ఆగి, దాన్ని గుడ్డతో సహా గుప్పిట్లో పట్టుకుంది.

"సుజాతా."

కింద జిరాక్స్ ఆడుతూనే ఉంది.

ఎంతసేపు పట్టుకుందో నాకు తెలియదు. ఆమె ఏడవలేదు. "దినం జేస్త బిడ్డా. రేపే జేస్త. ఇగ తిరగకు" అంది. తర్వాత మొదటిసారిగా తలెత్తి నా ముఖం చూసింది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆమె నన్ను అలా చూడలేదు. నన్ను చూస్తూనే సంచి మీదికి వంగి, తమ గూడెం భాషలో రెండు మాటలు చెప్పింది. అవి నాకు అర్థం కాలేదు. ఆ రెండు మాటలే మూడుసార్లు చెప్పింది.

పట్టు వదిలింది.

చేతులు బయటికి లాగాను. అరచేతులు ఎర్రగా పొంగి బొబ్బలెక్కాయి. జిప్పు తీస్తే కెమెరా ఒక్కటే ఉంది, మూత తెరుచుకోలేదు. జంపక్క దాన్ని కొంగులో మూట కట్టుకుంది.

"రీలు కడిగితే మొఖం కనవడ్తదక్కా. నేనే కడిగిస్త. పైసలొద్దు" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"నేను చూసిన" అంది. "చూడంది నువ్వే."

మెట్లు దిగి వెళ్లిపోయింది. మూడు రోజుల తర్వాత లచ్చయ్య కనిపిస్తే అడిగాను. దినం చేసిందట. పూడ్చడానికి చేతిలో శరీరం లేదు కనుక ఆ కెమెరానే తెల్లగుడ్డలో చుట్టి మట్టిలో పెట్టారట. ఆ రెండు మాటలు నాకు గుర్తున్నంతవరకు అతనికి చెప్పి అర్థం అడిగాను. లచ్చయ్య ఆటో ఇంజను ఆపేశాడు.

"ఎవలన్నరు నీకు ఆ మాట?"

"ఎవలో అన్నరు లే. ఏంది దాని అర్థం?"

అతను నా చేతుల వంక చూశాడు. ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు మా సందులోకి కిరాయి వచ్చినా రావట్లేదు.

ఎర్ర రంగు బోర్డు పీకేశాను. రుక్మిణి ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. నూనె సంగతి కూడా చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దానితో అయిపోయిందనుకున్నాను.

నల్లసంచి ఆ రోజునుంచి బల్ల మీదే ఉంది. జిప్పు మూసి ఉంది, లోపల ఏమీ లేదు, నేనే చూసి మూశాను. దాన్ని తీసి పారేద్దామంటే అంగుళం దూరంలోనే వేళ్లు భగ్గుమంటాయి. జంపక్క వెళ్లిన మర్నాడు పన్నెండున్నరకు అందులోంచి టక్ మని వినిపించింది. స్ప్రింగు లేదు, తెర లేదు, అయస్కాంతం లేదు. గుడ్డ సంచి. రోజుకు ఒక్కసారి. చెవి పెట్టి విన్నాను, ఆ శబ్దంలో జిగురు లేదు, నీరసం లేదు. గోపాలుకు నేను ఆ రోజు ఇచ్చి ఉండాల్సిన శబ్దం అది.

దుకాణం మూసేయమని మరియ పోరుతోంది. మూస్తే లెక్క తప్పిపోతుందని రోజూ వస్తున్నాను. ఇవాళ ముప్పై అయిదు అయింది, రేపటిది ముప్పై ఆరోది. ఇవాళ శబ్దం వచ్చాక, లోపలికి మడిచి పెట్టిన సంచి చేతులు రెండూ మెల్లగా బయటికి వచ్చి, నా కుర్చీ వైపు నోళ్లు తెరుచుకుని ఆగాయి. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.